అరవై ఒకటో చీటీ

సజ్జ అంటే మా దిక్కు గింజ.
రొట్టె చేసుకుంటం.
షార్జా అవతల సజ్జా అంటే
ఇనుప షెడ్లు, సిమెంటు దుమ్ము,
గదికి పన్నెండు మంచాలు,
మంచానికో కర్టెను,
కర్టెనుకో ఊరు.

సేఫ్టీ మేడం పేరు వెర్నెల్. మిసిసిపీ నుంచట.
మాకన్నా నలుపు.
మొదటి రోజు ఆమె జీపు దిగంగనే
వెనక అసలు ఆఫీసరెవరన్న ఉన్నరేమోనని చూసినం.
ఆ చూపుకు ఇప్పటికీ సిగ్గయితది నాకు.

ఊర్ల అందరికీ గల్ఫంత దుబాయే.
హాస్టల్ ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు గనక
దుబాయికి పోయి దుబాసీనైన.

పొద్దున అయిదింటికి
తాడు కట్టుకోండి, నీళ్ళు తాగండి,
ఆఖర్న హాజరు కాగితం.
ఒకనాడు ఆ కాగితం పట్టుకొని చాలాసేపు నిలబడ్డది.
అరవై ఒక్క మందిల ఇరవై రెండు నీలి మచ్చలు.
"వీళ్ళకు పేర్లు లేవా?"
ఆ శుక్రవారం మెస్సు బల్ల మీద
సాంబారు మరక పక్కన
రాత మొదలయింది.

ఇంకో శుక్రవారం ఆమె చెప్తుంటే నేను తెలుగు చేస్తున్న:
వేరే కాలేజీల గేట్లు మాకు మూసి ఉండె.
మా తాత చదివిన కాలేజీకి
ఇటుకలు వాళ్ళే కోసిన్రు, వాళ్ళే కాల్చిన్రు.
గోడ మోకాలెత్తు లేచినంక
దాని మీదనే కూసొని పాఠం విన్నరు.

అక్కడ ఆగింది నా నోరు.
యూనివర్సిటీల నాలుగు బ్లాకులకు
సెంట్రింగు కొట్టినోన్ని నేను.
అద్దాలు బిగించేదాక ఉన్న.
తర్వాత లోపలికి పోనియ్యలే,
పోవాలని నాకూ తోచలే.
మా ఊరి బడిల తలుపు కాడ మా వరుస,
చెప్పులకూ మాకూ నడుమ ఒక్క గడప.

"ఏమైంది?" అన్నది.
మాట దొరుకుత లేదన్న.
"ఇటుకకు మాట లేదా మీ భాషల?"
ఉన్నది మేడం. మస్తున్నది.

వాళ్ళ నాయనమ్మ ఓటు రాయించుకోను పోతే
గుమాస్తా అడిగిండట,
సబ్బు బిళ్ళల బుడగలెన్ని?
తెల్వకుంటే ఓటు లేదు.
ఎనిమిదిసార్లు తిరిగొచ్చింది.
ఆ కాలేజీ పిల్లలే రాత్రిపూట అరుగు మీద కూసొని
రాజ్యాంగం అప్పజెప్పించిన్రు.
తొమ్మిదోసారి ఆమె వెనక లైను కట్టిన్రు:
"బుడగలెన్నో మాకూ చెప్పు సారూ, రాసుకుంటం."
సారుకు లెక్క తప్పింది.

అంతా విని మా పోశయ్య ఒక్కటే అడిగిండు,
"ఏం సబ్బది?"

మెస్సు కమిటీని ఎప్పుడూ ఫోర్మనే పెడుతడు.
పప్పుల నీళ్ళు గాదు,
నీళ్ళల పప్పు రంగు.
ఈసారి ఓట్లేద్దామన్నం.
పప్పు గురించే గదా అని
క్యాంప్ బాస్ నవ్వి ఊకున్నడు.
పాస్‌పోర్టులు కంపెనీ బీరువల ఉన్నయి,
ఊర్ల నా ఓటు పోయినసారి ఎవడో ఏసిపోయిండట,
ఇక్కడ పసుపు హెల్మెట్టే డబ్బా,
సిమెంటు సంచి కోసి చీటీలు.
నిలబడ్డది లచ్చన్న, బిహారు మునేశ్వర్.

ముప్పై.
ముప్పై.
అరవై ఒకటో చీటీ మీద
ఒక అక్షరం ఏనుగంత, ఒకటి చీమంత,
ఎర్రోళ్ళ పోశయ్య.

నిలబడ్డోడు కాదు. వచ్చిన రాత అదొక్కటే.
చెల్లదన్నరు కొందరు.
తనకు తనే ఏసుకున్నడన్నరు కొందరు.
మనసుల ఎవరున్నరో చెప్పు మామా, తెగిపోతది అంటే
చాయ్ ఊదుకుంట అన్నడు,
"చెప్తే అది ఓటెట్లయితది?"

మల్ల శుక్రవారం ఏద్దామనుకున్నం.
ఆ ఏడు రోజులు పప్పు
గరిటె నిలబడేంత చిక్కగ వచ్చింది.
గెలిచేదెవడో తెల్వక
వంట కాంట్రాక్టరు ఇద్దరికీ భయపడ్డడు.

మేడం ఆ చీటీ తనకియ్యమన్నది.
పోశయ్య ఇయ్యలే.
హెల్మెట్ లోపటి పట్టీల చెక్కుకున్నడు.

నిన్న రాత్రి నల్ల కాడ చూసిన,
మోచేతులదాక నురగ,
పెదవులు కదులుతున్నయి.
ఏంది మామా అంటే
తల తిప్పకుండనే అన్నడు,
"ఆగు, లెక్క తప్పుతది."